కూల్చే ముందు రాళ్లు మార్చి చూడండి

కొత్త ఇల్లు కడితే పాస్టరును మూడుసార్లు పిలుస్తారు. శంకుస్థాపనకు ఒకసారి, స్లాబు వేసే రోజు ఒకసారి, గృహప్రతిష్ఠకు ఒకసారి. మూడు చోట్లా ప్రార్థన, వాక్యం, చివర్లో భోజనాలు. పాత ఇంటికి మరమ్మతు చేయించుకునేటప్పుడు మాత్రం ఎవరూ పిలవరు. మేడ కారుతోందనో, గోడ చెమ్మెక్కిందనో పాస్టరుకు కబురు చేస్తే నలుగురూ నవ్వుతారు. అది తాపీమేస్త్రీ పని, దైవసేవకుడి పని కాదని మన లెక్క. కానీ పరిశుద్ధ గ్రంథంలో యాజకుడు ఒక ఇంటి గడప దాటి లోపలికెళ్లి గోడలను పరీక్షించిన సందర్భం ఒకటుంది. అది కొత్త ఇంటి ప్రతిష్ఠ కాదు, పాత ఇంటి మరమ్మతు.

లేవీయకాండం 14వ అధ్యాయంలోని ఆ చివరి భాగాన్ని ఆదివారం ప్రసంగానికి ఎవరూ ఎంచుకోరు. ఇంటి గోడ మీద పచ్చగానో ఎర్రగానో చారలు కనిపిస్తే ఇంటి యజమాని వెళ్లి యాజకునికి చెప్పాలి. తెలుగు బైబిల్లో దాన్ని కుష్ఠుపొడ అన్నారు. హెబ్రీ మూలంలో మనిషి చర్మం మీది మచ్చకూ, బట్టకు పట్టిన మరకకూ, గోడకు పట్టిన చారకూ ఒకే మాట వాడారు. నేటి వైద్యులు చెప్పే కుష్ఠు వ్యాధి వేరు, ఇది వేరు. చెమ్మ వల్ల గోడకు పట్టే బూజు వంటిదని చాలామంది వ్యాఖ్యాతల అభిప్రాయం. యాజకుడు రాకముందే ఇంట్లోని సామాను బయట పెట్టుకోమంటుంది ధర్మశాస్త్రం. ఇల్లు అపవిత్రమని ఆయన తేల్చేస్తే లోపలున్న కుండలూ బట్టలూ కూడా పోతాయి కదా! పేదవాడి సామాను మీద దేవునికున్న శ్రద్ధ చూడండి.

తర్వాత ఏడు రోజులు ఆ ఇల్లు మూసి ఉంచాలి. మచ్చ పాకితే ఆ రాళ్లు మాత్రమే ఊడదీయాలి. లోపలి గోడలంతా గీకించాలి. వేరే రాళ్లు తెచ్చి ఆ సందుల్లో పెట్టి, వేరే అడుసుతో పూయాలి. మచ్చ మళ్లీ రాకపోతే ఇల్లు పవిత్రమైనదని యాజకుడు ప్రకటించాలి. ఇంత చేసినా తిరగబెడితేనే కూల్చివేత. అంటే కూల్చడం అన్ని ప్రయత్నాలూ అయిపోయాక మిగిలే చివరి మెట్టు.

మన దగ్గర అదే మొదటి మెట్టయి కూర్చుంది. పిల్లవాడికి బెంగళూరులోనో అమెరికాలోనో ఉద్యోగం స్థిరపడగానే మొదట వచ్చే ఆలోచన పాత ఇల్లు పడగొట్టడం. నలభై ఏళ్లు నిండని ఇల్లు కూడా 'పాతది' అయిపోతోంది. 1924లో ప్రతిష్ఠించిన మెదక్ చర్చికి నూరేళ్లు దాటాయి. దాన్ని పడగొట్టి కొత్తది కడదామని ఎవరైనా అంటే ఊరుకుంటామా? ఇంటి విషయానికి వచ్చేసరికి ఆ ఓపిక ఉండదు. పర్యావరణ హితమైన ఇల్లు అనగానే పత్రికల్లో రంగురంగుల బొమ్మలతో కొత్త కట్టడాలే చూపిస్తారు. అన్నిటికంటే పర్యావరణ హితమైన ఇల్లు చాలాసార్లు మనం ఇప్పుడున్న ఇల్లే. దాన్ని బాగుచేసుకోవాలంతే. ఈ మాట చెప్పడానికే ఈ వారం వ్యాసం.

కారణం సిమెంటు. సున్నపురాయిని 1,400 డిగ్రీల సెల్సియస్‌కు పైగా కాలిస్తే గానీ సిమెంటు రాదు. కాల్చడానికి వాడే బొగ్గు నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ ఒక ఎత్తు, కాలే రాయిలోంచే వెలువడేది మరో ఎత్తు. ప్రపంచం మొత్తం మీద మనుషులు గాలిలోకి వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు 7-8 శాతం సిమెంటు తయారీదే. మేస్త్రీల లెక్క ప్రకారం వెయ్యి చదరపు అడుగుల స్లాబు ఇంటికి సుమారు 400 బస్తాలు పడుతుంది. బస్తా 50 కిలోలు. అంటే 20 టన్నులు! పాత ఇంట్లో ఆ సిమెంటు, ఆ ఇనుము, ఆ ఇటుక ఇప్పటికే ఖర్చయిపోయి మనకోసం నిలబడి ఉన్నాయి. పడగొడితే ఆ శిథిలాలు ట్రాక్టరెక్కి ఊరి చివర చెరువులోకో కాలువలోకో చేరతాయి. దాంతో చెరువూ పోతుంది.

ఇటుక సంగతి వేరే చెప్పాలి. మన తెలుగు నేల మీద ఇటుక బట్టీల్లో పనిచేసేవారిలో చాలామంది ఒడిశా పశ్చిమ జిల్లాల నుంచి, బలంగీర్ వైపు నుంచి, పిల్లాపాపలతో వస్తారు. ముందుగా అడ్వాన్సు తీసుకుని, అది తీరేదాకా ఆరేడు నెలలు బట్టీ పక్కన గుడిసెల్లో ఉంటారు. వారి పిల్లల బడి ఆ నెలల్లో ఏమవుతుందో అడిగేవాడు తక్కువ. యిర్మీయా ప్రవక్త 22వ అధ్యాయంలో యెహోయాకీము రాజును గద్దించింది ఇలాంటి చోటే. విశాలమైన మేడ, పెద్ద కిటికీలు, దేవదారు పలకలు, ఇంగిలీకపు రంగు అన్నీ ఉన్నాయి ఆ ఇంటికి. కట్టిన పనివాడికి కూలి మాత్రం అందలేదు. ఆ రాజు తండ్రి యోషీయా కూడా తిన్నాడు, తాగాడు, కానీ న్యాయం తప్పలేదంటాడు ప్రవక్త. దేవుడు సుఖాన్ని తప్పుపట్టలేదు. ఆ సుఖం ఎవరి వీపు మీద కట్టారన్నదే ఆయన ప్రశ్న. మనం వాడకుండా మిగిల్చిన ప్రతి వెయ్యి ఇటుకల వెనక ఇంత మట్టి, ఇంత బొగ్గు, కొన్ని చేతుల చాకిరీ ఉన్నాయి.

ఇక్కడొక జాగ్రత్త చెప్పాలి. పెంకుటిల్లు చల్లన, మట్టిగోడ మేలు అని మైకులో చెప్పడం తేలిక. మన సంఘాల్లో ఎక్కువమంది తాతలు తాటాకు గుడిసెల్లో, వర్షానికి తడుస్తూ, నిప్పుకు భయపడుతూ బతికినవారు. ఊరి బయట పల్లెలో మొదటిసారి స్లాబు వేసుకున్నవాడికి ఆ స్లాబు నీడ మాత్రమే కాదు, గౌరవం. అతనికి పాత గుడిసె గొప్పతనం బోధించే అధికారం ఏసీ గదిలో కూర్చున్నవాడికి లేదు. నేను మాట్లాడుతున్నది ఆ స్లాబును తీసేయమని కాదు, దాన్ని కాపాడుకోమని, దాని కింద వేసవిలో నిద్రపట్టేలా చేసుకోమని. అలాగే, నిజంగా కూల్చవలసిన ఇళ్లూ ఉంటాయి. దూలాల్లో ఇనుము తుప్పు పట్టి ఉబ్బితే, స్తంభాలు బీటలిస్తే, అది ఇంజినీరు చూసి తేల్చాల్సిన విషయం. ధర్మశాస్త్రం కూడా చివరికి కూల్చమనే చెప్పింది. కానీ చూడకుండా తేల్చమని మాత్రం ఎక్కడా చెప్పలేదు.

మా సంఘంలో ఒక రిటైర్డ్ ఉపాధ్యాయురాలున్నారు. భర్త 1978లో కట్టించిన ఇల్లు. "అయ్యగారూ, గోడలు గట్టిగానే ఉన్నాయంటున్నాడు మేస్త్రీ. పిల్లలేమో పడగొట్టి అపార్టుమెంటుకిద్దామంటున్నారు. మీరొకసారి వచ్చి వాళ్లతో మాట్లాడండి" అన్నారామె. "మాటలెందుకమ్మా, ముందు ఇల్లు చూద్దాం" అని సంఘంలోనే ఉన్న ఒక ఇంజినీరును తీసుకుని వెళ్లాను. స్నానాలగది పైన స్లాబు పెచ్చులూడి ఇనుప చువ్వలు కనబడుతున్నాయి. పెరటి గోడ నడుము ఎత్తుదాకా చెమ్మ. మిగతా ఇల్లంతా రాయిలా ఉంది. పెచ్చులన్నీ గీకించి, చువ్వల తుప్పు వదిలించి, రసాయనం పూసి, మళ్లీ గట్టి మాలు పట్టించారు. చెమ్మ గోడకు సిమెంటు పూత తీసేసి గానుగ సున్నం పూయించారు, గోడ ఊపిరి పీల్చుకోవాలని. లేవీయకాండంలో చెప్పిన వరసే! కొత్త ఇంటికి వేసిన అంచనాలో ఏడో వంతు కూడా ఖర్చు కాలేదు. పిల్లలు సెలవులకొచ్చి అదే ఇంట్లో పడుకుంటున్నారు.

ఇల్లు, ఇటుక, పెంకు వంటి వాటితో విశ్వాసానికి పనేమిటని అడిగేవారికి మన చరిత్రే జవాబు. కోస్తాలో మనం బెంగుళూరు పెంకులని పిలిచేవి నిజానికి మంగళూరు పెంకులు. 1865లో మంగళూరులో ఆ పెంకుల కార్ఖానా పెట్టింది బాసెల్ మిషన్ వారు. క్రైస్తవులైనందుకు కులవృత్తికీ పొలానికీ దూరమైన కుటుంబాలకు పని చూపించడం వారి ఉద్దేశం. నది ఒండ్రు మట్టితో చేసిన ఆ పెంకు మన దేశమంతా ఇళ్లను చల్లగా ఉంచింది. ఇక లారీ బేకర్ గురించి మన యువ ఇంజినీర్లు తప్పక తెలుసుకోవాలి. 1917లో ఇంగ్లండులో పుట్టి, క్వేకరు విశ్వాసంలోకి వచ్చిన వాస్తుశిల్పి. 1945లో కుష్ఠురోగుల మిషన్ తరఫున మన దేశానికి వచ్చారు. ఆయనకిచ్చిన పని కొత్త భవనాలు లేపడం కాదు, కుష్ఠురోగులను దాచి ఉంచే పాత ఆశ్రమాలను చికిత్స చేసే ఆసుపత్రులుగా మార్చడం. తర్వాత తిరువనంతపురంలో స్థిరపడి, 2007లో కన్నుమూసేదాకా తక్కువ ఖర్చు ఇళ్లు కట్టారు. పడగొట్టిన ఇళ్ల తలుపులు, కిటికీలు కొని తెచ్చి మళ్లీ బిగించేవారు. స్లాబు కింది భాగంలో కాంక్రీటు పెద్దగా పనిచేయని చోట్ల పాత పెంకులు పేర్చి సిమెంటు మిగిల్చేవారు. 1990లో పద్మశ్రీ వచ్చింది. కుష్ఠుపొడ పట్టిన ఇంటి గురించి లేవీయకాండంలో చదివినప్పుడల్లా నాకు ఈయన గుర్తొస్తారు.

ఇప్పుడు మేడ మీదికి వెళదాం. మరమ్మతు మొదలుపెట్టవలసింది అక్కడే. ద్వితీయోపదేశకాండం 22వ అధ్యాయంలో కొత్త ఇల్లు కట్టినవాడు మేడకు పిట్టగోడ కట్టించాలని ఆజ్ఞ. పైనుంచి ఎవరైనా పడితే ఆ రక్తాపరాధం ఇంటి మీదికి వస్తుంది. ఆ రోజుల్లో మేడ మీదే సగం జీవితం. రాహాబు జనుపకట్టె ఆరబెట్టింది మేడ మీదే, పేతురు యొప్పేలో ప్రార్థనకు ఎక్కింది మేడ మీదికే. వడియాలు, ఒరుగులు ఆరబెట్టుకుని వేసవి రాత్రి పరుపేసుకున్న మనకు కొత్తగా చెప్పాలా? అయితే ఆ ఆజ్ఞలో కాపాడమన్నది ఇంటివాణ్ణి మాత్రమే కాదు, పడబోయే ఆ ఇంకొకణ్ణి. నా కప్పు వల్ల ఎదుటివాడికి హాని జరిగితే బాధ్యత నాదేనని దేవుడు చట్టంగా చెప్పాడు.

నేడు మన కప్పు మీంచి పొరుగువాడి మీద పడుతున్నది వేడి. స్లాబు పొద్దుటి నుంచి ఎండ తాగి రాత్రంతా కిందికి వదులుతుంది. రెంటచింతల ఎండల సంగతి తెలిసినవారికి ఇది వివరించనక్కరలేదు. 2015 వేసవిలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వడదెబ్బకు వెయ్యిమందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది బయట పనిచేసే పేదలు, వృద్ధులు. దీనికి అతి చౌకైన మందు తెలుపు. తెల్ల సున్నం వడకట్టి, పట్టు కోసం కాస్త ఫెవికాల్ కలిపి, మేడ కడిగి ఆరాక రెండు పూతలు వేస్తే కింది గది రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఏటా వేసవి ముందు మళ్లీ వేయాలి. ఓపిక లేనివారికి కూల్ రూఫ్ పెయింట్లున్నాయి, టైల్స్ షాపుల్లో పారేసే విరిగిన తెల్ల టైల్స్ పరిచినా చాలు. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో దీనికోసం ఒక విధానమే ప్రకటించింది. 2028 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల కప్పును చల్లకప్పుగా మార్చాలన్నది లక్ష్యం.

ఇందులో నాకు కష్టమనిపించే విషయం ఒకటుంది. ఇంటివారు కింద ఉంటారు. మేడ మీది గది అద్దెకిస్తారు, చదువుకునే కుర్రాళ్లకో కొత్తగా పెళ్లయిన జంటకో. ఆ స్లాబు వేడి పూర్తిగా మోసేది వాళ్లే. "వాళ్లు అద్దెవాళ్లే కదండీ, రేపు పోతారు" అని ఒక విశ్వాసి నాతో అన్నారు. అద్దెవాడి పైకప్పుకు సున్నం వేయించడం నేటి పిట్టగోడ. కొన్ని వేల రూపాయల ఖర్చు. దశమభాగం లెక్కలో ఎవరూ అడగరు గానీ దేవుడు అడుగుతాడని నా నమ్మకం.

ఏసీ గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఏసీ చల్లదనాన్ని పుట్టించదు. గదిలో వేడిని తీసి, తాను వాడిన కరెంటు వేడిని కూడా కలిపి, సందులోకి నెడుతుంది. సందులో ఎదురింటి ముసలమ్మ మంచం వేసుకుని ఉంటుంది. యోనా తన తలకు నీడనిచ్చిన సొరచెట్టు ఎండిపోతే చచ్చిపోవాలన్నంత కోపపడ్డాడు. నీనెవెలోని లక్షా ఇరవై వేలకు మించిన జనం గురించీ, వారి పశువుల గురించీ మాత్రం అతనికి పట్టలేదు. ఆ గ్రంథం దేవుని ప్రశ్నతోనే ముగుస్తుంది. ఏసీ వద్దనడం లేదు. రోగులకూ పసిపిల్లలకూ అది అవసరం. కానీ కప్పుకు సున్నం వేయకుండా, పడమటి గోడకు నీడ ఏర్పాటు చేయకుండా, తలుపుల మీది వెంటిలేటర్లను ప్లైవుడ్‌తో మూసేసి, ఆపైన ఏసీ కొనడం తెలివైన పని కాదు. పాత వెంటిలేటర్లు తెరవండి, దోమల జాలీ బిగించండి. జరిపే అల్యూమినియం కిటికీ సగమే తెరుచుకుంటుంది. నాన్నగారి కాలం నాటి చెక్క కిటికీ మొత్తం తెరుచుకుంటుంది, దాన్ని తీసి పాతసామాను కొట్టుకు అమ్మకండి. పాత ఫ్యాను 75 వాట్లు లాగితే కొత్త బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లతో సరిపెట్టుకుంటుంది. పాతది పాడైనప్పుడు మారిస్తే చాలు.

నీటి విషయంలో ఇస్సాకు మనకు మాదిరి. తండ్రి అబ్రాహాము తవ్వించిన బావులను ఫిలిష్తీయులు మట్టితో పూడ్చేస్తే, అతడు వాటినే మళ్లీ తవ్వించి తండ్రి పెట్టిన పేర్లే పెట్టాడు (ఆది. 26:18). మన పాత ఇళ్ల పెరట్లో బావుల్ని పూడ్చింది శత్రువులు కాదు, మనమే. మరమ్మతులో మిగిలిన ఇటుక ముక్కలు పోయడానికి అదొక గొయ్యిలా కనిపించింది! వంద చదరపు మీటర్ల మేడ మీద ఏడాదికి 800 మిల్లీమీటర్ల వాన పడితే 80 వేల లీటర్లు. ఆవిరీ వృథా పోను 60 వేలకు తగ్గదు. ఆ నీరు గొట్టం గుండా వీధి కాలువలోకి పోతుంటే, మనం 600 అడుగుల బోరు వేసి పక్కింటివారి 300 అడుగుల బోరు ఎండగొడతాం. తర్వాత ఇద్దరం ఒకే ట్యాంకరుకు క్యూ కడతాం. 2002 నాటి వాల్టా చట్టం ఇంకుడు గుంతలను ఎప్పుడో చట్టంలో చేర్చింది. కాగితం మీద గుంత చూపించి అనుమతి తీసుకున్న ఇళ్లెన్ని, నిజంగా తవ్వినవెన్ని అన్నది ఎవరి మనస్సాక్షికి వారే చెప్పుకోవాలి. గుంతకు పెద్ద ఖర్చు లేదు. అడుగున పెద్ద రాళ్లు, మీద కంకర, ఆపైన ఇసుక. పాత బావి బతికి ఉంటే మేడ నీళ్లు ఇసుక తొట్టిలో వడకట్టి అందులోకే వదలవచ్చు. మొదటి ఒకటి రెండు వానల మురికి నీటిని మాత్రం బయటికి పోనివ్వాలి. సెప్టిక్ ట్యాంకుకు దూరంగా ఉండాలి.

సౌర విద్యుత్తు గురించి అందరికీ తెలుసు కాబట్టి పొడిగించను. 2024 ఫిబ్రవరిలో మొదలైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకంలో ఒక కిలోవాటుకు 30 వేలు, రెండిటికి 60 వేలు, మూడు అంతకు మించితే 78 వేల రూపాయల రాయితీ ప్రకటించారు. ఒక కిలోవాటు రోజుకు నాలుగు యూనిట్ల వరకు ఇస్తుంది. మంచిదే. కానీ అవసరం తగ్గించుకోకుండా పలకలు బిగించి, కరెంటు ఉచితమే కదా అని మూడో ఏసీ కొన్న ఇల్లు నేను చూశాను. ముందు సున్నం, తర్వాత సూర్యుడు.

మరి పాస్టర్లం మనమేం చేయాలి? లేవీయకాండంలో బాగుచేసిన ఇంటికి ఒక ఆరాధన క్రమం ఉంది. రెండు పక్షులు, దేవదారు కర్ర, ఎర్రని నూలు, హిస్సోపు. రెండింటిలో ఒక పక్షిని ఊరి బయట మైదానంలో వదిలిపెట్టాలి. బాగుపడిన ఇల్లు దేవుని ముందు ఒక పండుగ. మన దగ్గర కొత్త ఇళ్లకు ప్రతిష్ఠ క్రమాలున్నాయి, మరమ్మతు చేసిన ఇంటికి మాత్రం ఆ గౌరవం దక్కడం లేదు. క్రీస్తు సిలువలో బలులన్నీ నెరవేరాయి గనుక పక్షులు అక్కరలేదు, ప్రార్థన చాలు. మా సంఘ కమిటీలో చెప్పేశాను. కూల్చకుండా బాగుచేసుకున్న ఏ ఇంటివారు పిలిచినా, కొత్త ఇంటికి వచ్చినట్టే సంఘంతో కలిసి వస్తాను. భోజనాలు పెట్టనక్కరలేదు, టీ చాలు. కానీ కూర్చోబెట్టేముందు మేడ మీదికి తీసుకెళ్లి సున్నం ఎక్కడ వేశారో, వాన నీళ్లు ఎటు పోతున్నాయో చూపించాలి.